నిప్పుతో పెరిగిన చెట్టుకు నిప్పు గండం

2021 సెప్టెంబరు నెల మధ్య. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల పడమటి వాలు. వారం కిందట పడిన పిడుగులకు అంటుకున్న మంటలు లోయలు దాటి పైకి పాకుతున్నాయి. అడవి నిండా పొగ. ఆ పొగలో అగ్నిమాపక సిబ్బంది ఒక చెట్టు చుట్టూ చేరారు. కొందరు దాని మొదట్లో పేరుకున్న ఎండాకునూ పుల్లలనూ గీరి దూరంగా లాగుతున్నారు. మరికొందరు వెండి రంగు దుప్పటిలాంటి అల్యూమినియం రేకును మాను చుట్టూ తిప్పి బిగిస్తున్నారు. అడవి అంచున ఉండే ఇళ్లకు నిప్పంటకుండా కప్పే రేకు అది. జ్వరం వచ్చిన పెద్దాయనకు కంబళి కప్పినట్టు, దాన్ని ఇక్కడ చెట్టుకు కప్పుతున్నారు.

ఆ చెట్టు పేరు జనరల్ షెర్మన్, జెయింట్ సెక్వోయా జాతిది. కాండం ఘనపరిమాణం లెక్కన చూస్తే భూమ్మీద బతికున్న చెట్లన్నిటిలోకీ పెద్దది. ఎత్తు 275 అడుగులు. నేల దగ్గర చుట్టుకొలత 102 అడుగులు, అంటే ఇరవైమంది చేయీ చేయీ కలిపితే గానీ చుట్టు తిరగదు. వయసు దాదాపు 2,200 ఏళ్లు. మన నేలను శాతవాహనులు ఏలిన రోజుల్లోనే అది అక్కడ ఎదుగుతోంది.

ఆ ఏడాది షెర్మన్ బతికింది. రేకు చుట్టుకుని నిలబడిన దాని ఫొటో ప్రపంచమంతా తిరిగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ ఫొటో నిజానికి ఒక ప్రశ్న. ఇన్ని వందల ఏళ్లలో ఎన్నో కార్చిచ్చులను ఒంటి మీద భరించి నిలబడిన చెట్టుకు, ఇప్పుడు మనిషి కప్పే రేకు ఎందుకు కావలసి వచ్చింది?

కాలిఫోర్నియాలో వేసవి ముదిరిందంటే చాలు, కార్చిచ్చు వార్తలు మన టీవీల్లోకీ వస్తాయి. ఇక్కడి నుంచి అమ్మలు అక్కడున్న పిల్లలకు ఫోన్ చేసి, "మీ వైపు పొగ వస్తోందా నాన్నా?" అని కంగారుగా అడుగుతారు. 2025 సెప్టెంబరులోనూ గార్నెట్ అనే కార్చిచ్చు మెకిన్లీ తోపులోని మహావృక్షాల దాకా వచ్చింది. ప్రతిసారీ ఇళ్లు, మనుషులు, ఎకరాల లెక్క వింటాం. చెట్ల లెక్క అంతగా వినం. ఈ కథనం ఆ చెట్ల గురించే.

లెక్క తప్పిన రెండు వేసవులు

జెయింట్ సెక్వోయాలు సహజంగా పెరిగేది ప్రపంచంలో ఒకే ఒక్కచోట. సియెరా నెవాడా పడమటి వాలు మీద, సుమారు 4,500 నుంచి 7,000 అడుగుల ఎత్తున, 420 కిలోమీటర్ల పొడవునా విడివిడిగా ఉన్న డెబ్భై పైచిలుకు తోపులు. అన్నీ కలిపినా దాదాపు 28 వేల ఎకరాలు. అంతే వాటి లోకం.

2020 ఆగస్టులో పిడుగులకు పుట్టిన కాజిల్ అగ్ని ఆ లోకంలోకి చొరబడింది. తర్వాత లెక్కలు వేసిన అటవీ శాస్త్రవేత్తలకు మొదట నమ్మకం కలగలేదు. నాలుగడుగులకు మించిన అడ్డుకొలత ఉన్న పెద్ద సెక్వోయాల్లో నూటికి 10 నుంచి 14 ఆ ఒక్క మంటకే చనిపోయాయి. మరుసటి ఏడాది మే నెలలో, చలికాలమంతా మంచు కురిసి కరిగాక కూడా, ఆ కాలిన కొండల్లో ఒక సెక్వోయా లోపల్లోపల రగులుతూ పొగ చిమ్మడం కనిపించింది. ఆ సెప్టెంబరులోనే మరో రెండు మంటలు చెలరేగి ఇంకో 2,261 నుంచి 3,637 పెద్ద చెట్లను తీసుకెళ్లాయి. రెండు వేసవుల్లో మొత్తం జాతిలోని పెద్ద చెట్లు నూటికి 13 నుంచి 19 పోయాయి. ఈ లెక్కలో చిన్న మొక్కలు లేవు. ఎక్కువ భాగం వందల ఏళ్లవి, కొన్ని వేల ఏళ్లవి.

మరో లెక్క ఇంకా కలవరపెడుతుంది. 2015 నుంచి 2021 దాకా ఏడేళ్లలో సెక్వోయా తోపుల విస్తీర్ణంలో 85 శాతానికి పైగా కార్చిచ్చు చూసింది. అంతకు ముందు నూరేళ్లలో చూసింది పావు వంతే.

ఆ నూరేళ్ల నిశ్శబ్దమే అసలు సమస్య.

మంట కోసం ఎదురుచూసే కాయ

ఇంత చెట్టుకు కాయ కోడిగుడ్డంత. ఒక్కో కాయలో దాదాపు 200 గింజలు. గింజ మెంతిగింజంత పొడవు, ఉల్లిపొరలా పల్చన. కాయ ముదిరినా రాలదు, విచ్చుకోదు. ఇరవై ఏళ్లయినా కొమ్మ మీద పచ్చగానే ఉండగలదు. అది ఎదురుచూసేది నిప్పు కోసం.

నేల మీద సన్నటి మంట పాకుతుంది. వేడి గాలి పైకి లేచి కాయలను ఎండబెడుతుంది. కాయ విచ్చుకుని గింజలు వానలా రాలతాయి. ఈలోగా మంట కింద పని పూర్తి చేసి ఉంటుంది. నేలకు గింజను తగలనివ్వని ఎండాకు మందాన్ని బూడిద చేస్తుంది, నీడ కమ్మిన చిన్న చెట్లను తీసేస్తుంది. ఒట్టి మట్టి, కాస్త బూడిద, పైనుంచి ఎండ. ఆ గింజకు మొలకెత్తడానికి కావలసినవి అవే. తల్లి చెట్టుకేమో రెండడుగుల దాకా మందం ఉండే బెరడు. మెత్తగా, పీచుపీచుగా ఉండి, బంక పెద్దగా లేని బెరడు కాబట్టి అంత తేలిగ్గా అంటుకోదు. గింజలు రాల్చడానికి ఓ ఉడుత, కాయను తొలిచే ఓ చిన్న పెంకుపురుగు కూడా సాయం చేస్తాయి కానీ, పెద్ద మంత్రసాని మంటే.

పాత మోడుల వలయాల్లో దాగిన కాలిన మచ్చలను లెక్కించినవాళ్లు చెప్పేదేమంటే, ఒకప్పుడు ఈ తోపుల్లో రెండు మూడు దశాబ్దాలు తిరక్కుండానే ఎక్కడో ఒకచోట మంట నడిచేది. చిన్న మంట. ఎండిందాన్ని తిని వెళ్లిపోయే మంట.

మన నల్లమలలో వేసవికి ముందు అటవీశాఖ ఫైర్ లైన్లు వేయిస్తుంది. ఎండు గడ్డిని ముందుగానే తగలబెట్టేస్తే పెద్ద మంట వచ్చినా దానికి తిండి దొరకదు. ఆ పని చూసినవాళ్లకు ఈ లెక్క ఒక్క మాటలో అర్థమవుతుంది.

> ముగ్గురు అక్కచెల్లెళ్లు
>
> రెడ్‌వుడ్ అన్న పేరు మూడు రకాల చెట్లకు ఉంది. జెయింట్ సెక్వోయా కొండ మీది అక్క, లావులో సాటిలేనిది. మోడు మీద లెక్కపెట్టిన వలయాలను బట్టి 3,200 ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. కోస్ట్ రెడ్‌వుడ్ సముద్రపు ఒడ్డున, పొగమంచులో పెరిగేది, ఎత్తులో సాటిలేనిది. డాన్ రెడ్‌వుడ్ చైనాది, మిగతా రెండిటికీ చిన్నది. 1941లో జపాన్ శాస్త్రవేత్త షిగేరు మికి దాన్ని శిలాజాలను చూసి వర్ణించారు. ఎప్పుడో అంతరించిందనుకున్న ఆ చెట్టు ఆ దశాబ్దంలోనే చైనాలోని ఓ పల్లెలో పచ్చగా కనిపించింది.
>
> సెక్వోయా అన్న పేరు 1847లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఎండ్లిషర్ పెట్టారు. ఎందుకు పెట్టారో రాయలేదు. చెరోకీ తెగకు చెందిన సెక్వోయా అనే మనిషి మీది గౌరవంతోనే అని ఎక్కువమంది నమ్మకం. ఏ భాషా చదవడం రాని ఆయన, తన భాషలోని ఒక్కో శబ్దానికి ఒక్కో గుర్తు కట్టి, 1821 నాటికి తన వాళ్లకు సొంత లిపి ఇచ్చారు.

పొద్దున పదికల్లా ఆర్పెయ్యాలి

ఈ అడవుల్లో వేల ఏళ్లుగా మనుషులున్నారు. మోనో, యోకుట్స్, మివోక్ తెగలవాళ్లు. దుంపలకూ బుట్టలల్లే పుల్లలకూ, జింకలు మేసే గడ్డికీ వాళ్లు అదను చూసి అడవిలో నిప్పు పెట్టేవారు. పిడుగు పెట్టే మంటకు మనిషి పెట్టే మంట తోడయ్యేది.

1849లో బంగారం కోసం జనం ఎగబడ్డారు. తర్వాతి ఏళ్లలో ఈ తెగల మీద జరిగింది మారణహోమమేనని 2019లో కాలిఫోర్నియా గవర్నరు ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. 1850లో చేసిన చట్టం గడ్డి మైదానాలకు నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. నిప్పు తెలిసిన చేతులు అలా అడవికి దూరమయ్యాయి.

ఆ తర్వాత వచ్చినవాళ్లు అడవిని ప్రేమించలేదని కాదు. చాలా ప్రేమించారు. మంట అంటే నష్టం అనుకున్నారు, అంతే. 1935లో అమెరికా అటవీ సేవ ఒక నియమం పెట్టుకుంది: ఏ మంట కనబడినా మర్నాడు పొద్దున పది గంటలకల్లా ఆరిపోవాలి. దశాబ్దాల పాటు దాన్ని నిష్ఠగా పాటించారు. ఆ నిష్ఠకు ఫలితంగా సెక్వోయాల కింద ఫర్ చెట్లు కిక్కిరిశాయి, ఎండాకు మోకాలి లోతు పేరుకుంది. కొత్త సెక్వోయా మొలక మాత్రం కనిపించడం మానేసింది.

మొదట ఆ లోటును గట్టిగా పట్టుకున్నది శాన్ హొసే స్టేట్ ఆచార్యుడు రిచర్డ్ హార్ట్స్‌వెల్ట్. 1960లలో ఆయనా, సహచరులూ కింగ్స్ కేన్యన్ తోపుల్లో చిన్న ముక్కలు ఎంచుకుని కావాలనే నిప్పు పెట్టారు. కాలిన చోట మొలకలు లేచాయి. కాలని చోట లేవలేదు. 1968 నుంచి ఆ పార్కులోనే అధికారికంగా అదుపు మంటలు మొదలయ్యాయి. కానీ కావలసినంత పెట్టలేదు. పొగ వస్తే పట్నాల్లో ఫిర్యాదు, గాలి మారితే భయం, డబ్బు చాలదు, మనుషులు చాలరు. ఈలోగా 2012 నుంచి 2016 దాకా కరవు. సియెరాలో పైన్లు, ఫర్లు కోట్లల్లో ఎండి నిలువునా కట్టెలైపోయాయి. ఎండలు పెరిగాయి. అప్పటికి నూరేళ్లుగా పోగుపడిన వంటచెరకు మీద పిడుగు పడింది. నేల మీద పాకాల్సిన మంట ఫర్ చెట్లను నిచ్చెనగా చేసుకుని సెక్వోయా తల దాకా ఎక్కింది. బెరడు ఎంత మందమైతే ఏం, తలే కాలిపోయాక?

షెర్మన్ బతికింది రేకు వల్లేనా? అక్కడి అధికారులు చెప్పిన కారణం వేరు. ఆ చుట్టుపక్కల ఏళ్ల తరబడి పెట్టిన అదుపు మంటల వల్ల పెద్ద మంటకు తిండి దొరకలేదు. 2022 జులైలో యోసెమిటీలోని మారిపోసా తోపు దాకా వచ్చిన వాష్‌బర్న్ అగ్ని విషయంలోనూ అంతే. దాదాపు 3,000 ఏళ్ల గ్రిజ్లీ జెయింట్ అనే సెక్వోయా చుట్టూ నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టారు నిజమే. అయితే ఆ తోపులో అంతకు ముందు పెట్టిన చిన్న మంటలే పెద్ద మంటను నెమ్మదింపజేశాయి.

మోడు మీద నాట్యం

నిప్పుకు ముందు గొడ్డలి ఉంది. 1852లో అగస్టస్ డౌడ్ అనే వేటగాడు గాయపడిన ఎలుగును తరుముతూ కలవెరాస్ తోపులోకి వచ్చి నిలబడిపోయాడు. అతను చెప్పింది ఎవరూ నమ్మలేదు. మరుసటి ఏడాదే అక్కడికి వెళ్లిన వ్యాపారులు, అతన్ని ఆపిన ఆ చెట్టునే పడగొట్టారు. అంత లావు కోసే రంపం లేక, పొడవాటి బరమాలతో చుట్టూ తొలిచారు. ఐదుగురు మనుషులు, 22 రోజులు. 1,244 వలయాలు లెక్కపెట్టారు. మోడును చదును చేసి దాని మీద నాట్యాలాడారు. 1854లో పక్కనున్న మరో చెట్టుకు నిలువునా బెరడు ఒలిచి, న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ డబ్బుకు చూపించారు. ఒంటి మీది చర్మం పోయిన ఆ చెట్టు ఎండి నిలిచిపోయింది.

ఈ తోపుల్లో కూల్చిన సెక్వోయాల కలప చాలావరకు దేనికీ పనికిరాలేదు. అంత ఎత్తు నుంచి పడితే పెళుసు కర్ర ముక్కచెక్కలైపోయేది. వేల ఏళ్ల చెట్లు కంచె కర్రలయ్యాయి, పైకప్పు పెంకులయ్యాయి. ఈ కథలో నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఈ ముక్కే.

ఆ దుఃఖంలోంచే రక్షణ పుట్టింది. అంతర్యుద్ధం నడుమ, 1864 జూన్ 30న అబ్రహాం లింకన్ యోసెమిటీ లోయనూ మారిపోసా తోపునూ ప్రజల కోసం కాపాడే చట్టంపై సంతకం చేశారు. 1890లో సెక్వోయా నేషనల్ పార్క్ వచ్చింది. ఆ కొండల్లో అప్పటికి కావేయా కాలనీ పేరిట సోషలిస్టులు ఒక సమష్టి ఊరు కట్టుకుని ఉన్నారు. షెర్మన్ చెట్టును వాళ్లు పిలిచిన పేరు కారల్ మార్క్స్. షెర్మన్ ఉన్న జెయింట్ ఫారెస్ట్ తోపు దాకా బండ్లు వెళ్లే దారిని పూర్తి చేయించింది కెప్టెన్ చార్లెస్ యంగ్. 1903లో ఆ పార్కు బాధ్యత చూసిన నల్లజాతి సైనికాధికారి ఆయన. తన దేశంలోనే సమాన గౌరవం దొరకని రోజుల్లో, ఎవరైనా వచ్చి చూడగలిగేలా దారి వేయించాడు. ఇప్పుడు ఆ తోపులో ఒక చెట్టుకు ఆయన పేరుంది.

పొగమంచు తాగే చెల్లెలు

కొండ దిగి సముద్రం వైపు వస్తే కోస్ట్ రెడ్‌వుడ్‌ల రాజ్యం. దక్షిణ ఒరెగాన్ నుంచి కాలిఫోర్నియాలోని బిగ్ సర్ దాకా 700 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న సన్నటి పట్టీ. పసిఫిక్ మీది నుంచి వచ్చే పొగమంచు ఎంతదూరం లోపలికి వెళ్తుందో, ఈ చెట్లూ దాదాపు అంతవరకే.

అక్కడ వేసవిలో వానలుండవు. మరి 350 అడుగుల చెట్టు ఏం తాగి బతుకుతుంది? పొగమంచు ఆకుల మీద నీటి బొట్లై కారి వేళ్లకు చేరుతుంది. కొంత నీటిని ఆకులే నేరుగా పీల్చుకుంటాయి. ఈ అడవికి ఏడాదిలో అందే నీటిలో దాదాపు మూడో వంతు పొగమంచుదేనని బర్కిలీ శాస్త్రవేత్త టాడ్ డాసన్ తేల్చారు. గత శతాబ్దం మొదటితో పోలిస్తే వేసవి పొగమంచు గంటలు మూడో వంతు తగ్గాయని 2010లో వచ్చిన మరో పరిశోధనలో ఆయనా భాగస్వామే.

ఇంత ఎత్తుకు తల్లివేరు లేదు. వేళ్లు పదీ పన్నెండు అడుగుల లోతుకు మించి పోవు, అడ్డంగా మాత్రం వంద అడుగులు దాటి పరుచుకుని పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుంటాయి. పైకెళ్తే ఇంకో అడవి. కొమ్మల పంగల్లో ఎండాకు కుళ్లి మట్టిగా మారుతుంది, ఆ మట్టిలో ఫెర్న్‌లు, బెర్రీ పొదలు పెరుగుతాయి. బల్లిలా కనిపించే సాలమాండర్లు వందల అడుగుల పైన, నేల ముఖం చూడకుండానే కాపురాలు చేస్తాయి. మార్బుల్డ్ మ్యూర్‌లెట్ అనే సముద్రపు పక్షి రోజంతా కడలిలో చేపలు పట్టి, గుడ్డు పెట్టడానికి ఈ ముసలి చెట్ల నాచు కొమ్మల మీదికే వస్తుంది. దాని గూడు ఎక్కడుంటుందో 1974 దాకా అక్కడి శాస్త్రవేత్తలకు తెలియదు. బిగ్ బేసిన్ పార్కులో చెట్టెక్కిన ఓ కార్మికుడికి అనుకోకుండా కనిపించింది.

రంపాలు రాకముందు ఈ పాత అడవి 20 లక్షల ఎకరాల పైమాట. ఇవాళ మిగిలింది నూటికి ఐదు. 1906 భూకంపం, అగ్నిప్రమాదాల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోను మళ్లీ కట్టిన కలపలో చాలా భాగం ఇదే.

ఆ ఐదు శాతం ఊరికే మిగల్లేదు. 1997 డిసెంబరు 10న జూలియా బటర్‌ఫ్లై హిల్ అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి, నరకబోతున్న ఓ రెడ్‌వుడ్ ఎక్కింది. దాని పేరు లూనా. కొమ్మల మధ్య చిన్న మంచె, పైన టార్పాలిన్. చలిగాలులు, వానలు, బెదిరింపులు. 738 రోజులు కిందికి దిగలేదు. లూనానూ చుట్టూ కొంత అడవినీ వదిలేస్తామని కలప కంపెనీ రాసిచ్చాకే దిగింది. ఏడాది తిరక్కముందే ఎవరో రంపంతో లూనా కాండాన్ని లోతుగా కోశారు. ఉక్కు పట్టీలు బిగించి నిలబెట్టారు. లూనా బతికింది.

బతకడమన్నది ఈ చెల్లెలికి బాగా తెలుసు. 2020 ఆగస్టు పిడుగుల మంట బిగ్ బేసిన్ పార్కులో 97 శాతాన్ని తాకింది. ఆకు అన్నది లేకుండా నల్లటి స్తంభాలు మిగిలాయి. నెలలు తిరిగేసరికి ఆ నల్లటి ఒంటి మీద పచ్చటి చిగుళ్లు గుబురుగా పొడుచుకొచ్చాయి. బెరడు కింద వందల ఏళ్లుగా నిద్రపోతున్న మొగ్గలవి. వాటికి ఆహారమైన చక్కెర, చెట్టు దశాబ్దాల కిందట తయారుచేసి దాచుకున్నదని 2023లో పరిశోధకులు కనుగొన్నారు. కొండ మీది అక్కకు ఈ వరం లేదు. పెద్ద సెక్వోయా తల పూర్తిగా కాలితే మళ్లీ చిగురించదు. అందుకే దాని విషయంలో కంగారు.

> చెట్టు పేరున్న ఊరు
>
> తెలుగు కుటుంబాలు చాలా ఉన్న సిలికాన్ వ్యాలీలో పాలో ఆల్టో పేరు వినని ఇల్లుండదు. స్పానిష్‌లో ఆ మాటకు పొడవాటి కర్ర, అంటే ఎత్తైన చెట్టు అని అర్థం. వెయ్యేళ్లు దాటిన ఆ కోస్ట్ రెడ్‌వుడ్ రైలు పట్టాల పక్కన, వాగు ఒడ్డున ఇప్పటికీ ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రలోని చెట్టూ అదే.
>
> 1945లో ఐక్యరాజ్యసమితి సదస్సు శాన్‌ఫ్రాన్సిస్కోలో జరుగుతుండగా, మే 19న ప్రతినిధులు దగ్గర్లోని మ్యూర్ వుడ్స్ రెడ్‌వుడ్‌ల నీడన చేరి, అప్పుడే మరణించిన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు నివాళి అర్పించారు. ఆ సదస్సుకు భారత బృందాన్ని నడిపిన ఆర్కాట్ రామస్వామి మొదలియార్ పుట్టింది కర్నూలులో.

> చూడాలన్న ప్రేమే భారమైతే
>
> ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెట్టు హైపీరియన్, 380 అడుగులు. కుతుబ్ మినార్ మీద ఇంకో అరమినార్ పెట్టినా అందదు. 2006లో క్రిస్ ఆట్కిన్స్, మైకేల్ టేలర్ దాన్ని కనుగొన్నారు. చోటు రహస్యంగా ఉంచినా ఇంటర్నెట్ దాగనివ్వలేదు. దారి లేని అడవిలో తొక్కుకుంటూ వెళ్లిన జనానికి చెట్టు మొదట్లో ఫెర్న్‌లన్నీ పోయాయి. 2022లో పార్కు అటు ప్రవేశాన్ని మూసేసింది. మీరితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.
>
> మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గుర్తొస్తుంది. 2017 చివర్లో కొమ్మ విరిగాక సందర్శకులను ఆపి, 2018లో సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించి ఆ మర్రిని నిలబెట్టుకున్నాం.

నిప్పు తెలిసినవాళ్లు తిరిగొస్తున్నారు

కాలిఫోర్నియా ఉత్తరాన క్లామత్ నది ఒడ్డున యూరోక్ ప్రజలుంటారు. వాళ్లకు రెడ్‌వుడ్ అంటే కలప కాదు, ప్రాణమున్న బంధువు. పడిపోయిన మానునే తొలిచి పడవ చేస్తారు. ఆ పడవలో ముక్కు, గుండె చెక్కుతారు. బంగారు వేటలో వాళ్ల నేల నూటికి తొంభై పాళ్లు పోయింది. 2025 జూన్‌లో అందులో 47,097 ఎకరాలు తిరిగి వాళ్ల చేతికొచ్చాయి. దశాబ్దాల పాటు కలప కంపెనీల కింద నలిగిన నేల అది. అక్కడ వాళ్లు చేయబోయే పనుల్లో అదును చూసి నిప్పు పెట్టడమూ ఒకటి. ఒకప్పుడు నేరమన్న పనినే ఇప్పుడు అటవీశాఖ వాళ్లు వచ్చి నేర్చుకుంటున్నారు.

సియెరాలో పని ఇంకా కష్టం. కొన్ని తోపుల్లో మంట ఎంత తీవ్రంగా కాల్చిందంటే, గింజ రాల్చడానికి తల్లి చెట్టే మిగల్లేదు. అక్కడ చేత్తో మొక్కలు నాటాలని సెక్వోయా పార్కు నిర్ణయించింది. మనిషి చెయ్యి పడకూడదని చట్టం చెప్పిన అడవిలో ఎలా నాటుతారని కొందరు పర్యావరణవాదులు అడ్డుపడ్డారు. ఇద్దరిదీ చెట్టు మీది ప్రేమే. నా మటుకు నాకు నాటడమే న్యాయమనిపిస్తుంది. నూరేళ్లు మంటను ఆపిన చెయ్యి మనిషిదే అయినప్పుడు, ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం తప్పించుకోవడమే.

మీ పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు ఈ చెట్లను తప్పక చూడండి. మ్యూర్ వుడ్స్‌కు వెళ్లేవారు కారు నిలపడానికి ముందే చోటు బుక్ చేసుకోవాలి. వేసిన బాట దిగకండి, మీ కాలి కిందే ఆ చెట్టు వేళ్లున్నాయి. సెక్వోయా తోపులో ఎక్కడైనా నేల నల్లగా, పొదలు కాలిపోయి కనిపిస్తే అయ్యో అనుకుని ముందుకు సాగిపోకండి. కాస్త ఒంగి ఆ బూడిదలోకి చూడండి. బొటనవేలంత ఎత్తున పచ్చగా ఏదైనా కనిపిస్తే, మనవడికి చూపించండి.